మైలేజీ కోసం ట్రక్కు వెనక నక్కాలా?

మౌంటెన్ హౌస్, ట్రేసీల నుంచి శాన్ హోసే వైపు ఉద్యోగాలకు వెళ్లే తెలుగువాళ్లకు ఆల్టమాంట్ కనుమ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇల్లు అటు, ఆఫీసు ఇటు. నాకు రానుపోను 90 మైళ్లు. దేశవ్యాప్త సగటు ధరే గాలన్‌కు 5 డాలర్లు దాటిన 2022 జూన్‌లో మా వాట్సాప్ గ్రూపులో మైలేజీ పోటీ మొదలైంది. డ్యాష్‌బోర్డు ఫొటో పెట్టి ‘ఈరోజు 38’ అని ఒకరు, ‘నాకు 41’ అని ఇంకొకరు. నేనూ ఆ పోటీలో ఉన్నవాడినే. దీన్ని ఇక్కడ హైపర్‌మైలింగ్ అంటారు. 2008లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ ఆ ఏటి మాటగా ఎంచుకున్నది దీన్నే.

ఆ విద్యల్లో నాకు బాగా పట్టుబడింది పెద్ద ట్రక్కు వెనక దగ్గరగా వెళ్లడం. గాలిని ట్రక్కు చీలుస్తుంది, మన కారు దాని నీడలో సాగిపోతుంది. ఇది అబద్ధం కాదు. మిత్‌బస్టర్స్ కార్యక్రమంలో 55 మైళ్ల వేగంతో పరీక్షిస్తే ట్రక్కుకు 100 అడుగుల దూరంలో 11 శాతం, 10 అడుగుల దూరంలో 39 శాతం ఆదా కనిపించింది. అలా చేయొద్దని వాళ్లే హెచ్చరించారు కూడా. నిజంగా మిగులుతుంది కాబట్టే ఇది ప్రమాదకరం. అసలేమీ మిగలకపోతే ఎవరు చేస్తారు?

మా అమ్మాయికి ఈమధ్యే లెర్నింగ్ పర్మిట్ వచ్చింది. ఒకరోజు నేను నడుపుతుంటే పక్కన కూర్చుని ‘వన్ థౌజండ్ వన్, వన్ థౌజండ్ టూ’ అంటూ లెక్కపెట్టబోయి, మొదటిది పూర్తికాకుండానే ఆగిపోయింది. ‘నాన్నా, మూడు సెకన్లు ఉండాలి కదా?’ అంది. కాలిఫోర్నియా హ్యాండ్‌బుక్‌లో ఉన్నది అదే. నేను మిత్‌బస్టర్స్ లెక్కలు చెప్పాను. తను ఇంకేమీ అనలేదు. 65 మైళ్ల వేగంలో సెకనుకు 95 అడుగులు పోతాం. మూడు సెకన్లంటే 285 అడుగులు. నేను ఉన్నది 80 అడుగుల్లో. ముందు ట్రక్కు బ్రేకు వేసిందని నా బుర్రకు ఎక్కేలోపే అయిపోయే దూరం అది. పైగా ట్రక్కు అద్దాలు మనకు కనబడటం లేదంటే ఆ డ్రైవరుకు మనం లేనట్టే.

తర్వాతి వారం ఒంటరిగా వెళ్తుంటే ముందు ట్రక్కు టైరు నుంచి ఒక పట్టీ ఊడి నా బంపరుకు తగిలింది. కాలు తీసే సమయం కూడా లేదు. బాగు చేయించడానికి 900 డాలర్లు. కారు 30 మైలేజీ ఇస్తే రోజుకు మూడు గాలన్లు. అందులో పది శాతం మిగిలినా డాలరున్నర. ఏడాదికి 150 రోజులు ఆఫీసుకెళ్తే 225 డాలర్లు. నాలుగేళ్ల ఆదా ఒక్క రబ్బరు ముక్కకు పోయింది. అది అద్దానికి తగిలి ఉంటే? ఆ లెక్క నేను వేయలేదు.

రెండో విద్య ఊరి నుంచి తెచ్చుకున్నది. రాయచోటి నుంచి కడపకు వచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో మా నాన్న చేతక్ ఇంజను ఆపేసేవారు. కోవా డబ్బులు పెట్రోల్లో మిగిలాయని నవ్వేవారు. కార్బురేటర్ బండికి ఆ లెక్కలో అర్థం ఉండొచ్చు. ఇప్పటి కారును గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే దిగుడులో పెట్రోలు సరఫరానే ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో ఇంకా దూరం జారుతుంది కదా అంటారు. వాలు ఎక్కువున్న చోట ఎలాగూ బ్రేకు తొక్కాలి, అప్పుడు ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీదే. ఇంజనే ఆపేస్తే రెండుమూడు తొక్కులకే బ్రేకు గట్టిపడిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. దిగుడులో న్యూట్రల్‌లో జారడం కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో చట్టవిరుద్ధం కూడా.

మరి మిగిల్చేదెలా? వేగం 75 నుంచి 65కు దించితే చాలు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 65లో కంటే 75లో అది మూడో వంతు ఎక్కువ. 30 మైళ్ల దూరానికి మనం పోగొట్టుకునేది నాలుగు నిమిషాల లోపే. అలాగని ఎడమ లేనులో 50లో పోతే వెనకవాళ్ల ప్రాణం మీదకు తెచ్చినట్టే. ఇక్కడ పెద్ద ట్రక్కుల పరిమితి 55, నెమ్మదిగా పోయేవాళ్లకు కుడి లేను ఉంది. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు ప్రకారం పెట్టుకోవాలి. టైరు మీద ఉండే గరిష్ఠ అంకె దాకా కొట్టిస్తే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. దూరంగా ఎర్ర లైటు కనబడగానే కాలు తీయాలి. విసురుగా తోలి, గట్టిగా బ్రేకులు తొక్కితే హైవే మీద 15 నుంచి 30 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ట్రక్కు వెనక నక్కి నేను సంపాదించిన దానికంటే అది ఎక్కువే. (టెస్లా మిత్రులు నవ్వుకోవచ్చు. గాలి నిరోధం వాళ్లకూ ఉంది.)

గ్రూపులో ఫొటోలు పెట్టడం మానేశాను. 38 కాస్తా 35 అయింది. అమ్మాయికి 50 గంటలు నేర్పించానని సంతకం పెట్టాల్సింది నేనే. ఇంకా 22 గంటలు మిగిలాయి. ఆదివారం ఆల్టమాంట్ మీదుగా లివర్మోర్ గుడికి తనే నడుపుతుంది. సెకన్లు పైకే లెక్కపెట్టమన్నాను.