నా హాజరు పట్టీ

హాజరు పట్టీని మించిన అమాయకపు పుస్తకం లోకంలో మరొకటి లేదని నా నమ్మకం. వచ్చినవారికి గీత, రానివారికి సున్న. ఎందుకు రాలేదో దానికి అక్కర్లేదు. ఇరవై యేళ్ళుగా ఆ పుస్తకం చంకలో పెట్టుకొని తిరుగుతున్నాను గనుక, దాని గుణం కొంత నాకూ పట్టుకొన్నదని ఆ మధ్య తెలిసివచ్చింది. ఆ సంగతే ఈ వారం మీతో మనవి చేసుకొంటాను.

2020లో బడులూ, కాలేజీలూ మూతపడ్డ రోజులు మీరు మరిచిపోయి వుండరు. మా కాలేజీ వారు కూడా ఫోనులోనే పాఠాలు చెప్పమన్నారు. మా ముందుగదిలో బల్లమీద నిఘంటువులు నాలుగు పేర్చి, వాటికి ఫోను ఆనించి, దానికెదురుగా కూర్చుని వసుచరిత్ర చెప్పేవాణ్ణి. ఎదుట మనుషులు లేరు. చిన్న చిన్న గళ్ళలో పేర్లు మాత్రం కనిపించేవి. మా ఆవిడ వంటింట్లోంచి వింటూ, "గోడకు పాఠం చెప్పడమూ ఒకందుకు మంచిదే లెండి. ఎదురు ప్రశ్న వెయ్యదు" అనేది.

తరగతిలో అరవైమంది. గళ్ళలో కనిపించేది పాతిక పేర్లకు మించేవి కావు. రానివారికి సున్నలు వేసుకొంటూ పోయాను. వారిలో ఒక అమ్మాయి వుంది. అసలు పేరు ఎందుకు? సరస్వతి అందాం. రెండో బెంచీలో కూర్చునేది. పద్యం చదువుతూంటే యతిస్థానం దగ్గర తనకు తెలియకుండానే తల వూపేది. అలాంటి పిల్ల వరసగా పదకొండు రోజులు రాలేదు. నాకు కోపం వచ్చింది. "ఇలాగయితే పరీక్షకు కూర్చోనివ్వరు, జాగ్రత్త" అని ఫోనుకు ఒక ముక్క రాసి పంపాను.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చింది. "ఫోను నాన్నదండీ. పని నుంచి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. తరవాత తమ్ముడు చదువుకొంటాడు. వాడయ్యాక నేను చూస్తున్నాను. కాని అప్పుడు మీరు వుండరు కదండీ."

ఆ చివరి మాట చదివి నేను కాస్సేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆమె తండ్రి తాపీమేస్త్రి. ఆ ఫోను మోగితేనే ఆయనకు పని. దాన్ని యింట్లో వదిలి వెళ్ళమనడమంటే, తాపీని యింట్లో వదిలి వెళ్ళమన్నట్టే. తమ్ముడు ఇంటర్మీడియెట్. వాడు మగపిల్లవాడు గనుక వాడి వంతు ముందు. సరస్వతిది మూడో వంతు. తల్లికి అసలు వంతే లేదు. నా పట్టీలో మాత్రం యివేవీ లేవు. పదకొండు సున్నలున్నాయి.

అంతవరకూ నేను కూడా అందరిలాగే, "ఇప్పుడు ఇంటర్నెట్టు కారుచవక, చదువుకోకపోతే వాళ్ళ ఖర్మ" అంటూండేవాణ్ణి. చవక అయిన మాట అబద్ధం కాదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు ఇంటర్నెట్టును జనానికి యిచ్చినప్పుడు, 250 గంటలకు అయిదు వేల రూపాయలు. అదీ టెలిఫోను తీగ మీద నత్తనడక. 2014లో ఒక జీబీకి సగటున సుమారు 269 రూపాయలు పడేది. 2016 సెప్టెంబరులో పోటీ మొదలయ్యాక ధర దబ్బున పడింది. 2018 నాటికి పన్నెండు రూపాయల దగ్గరకు వచ్చింది. మన రాష్ట్రంలోనే 2017 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్డును రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభించి, నెలకు 149 రూపాయలకే టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడూ యిస్తామన్నారు. నేల తవ్వే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదనే తీగ లాగారు. మంచి ఉపాయమే.

అయినా సరస్వతికి పాఠం అందలేదు. ఎందుచేత? కొళాయి వచ్చింది, యింట్లో బిందె ఒక్కటే వుంది.

2017-18లో కేంద్రప్రభుత్వం వారు జరిపిన నమూనా సర్వేలో పల్లెల్లో కంప్యూటరు వున్న యిళ్ళు నూటికి అయిదు కూడా లేవు. ఇంటర్నెట్టు అందే యిళ్ళు పల్లెల్లో నూటికి పదిహేను, పట్టణాల్లో నలభైరెండు. ఆ తరవాత పరిస్థితి చాలా మెరుగయింది. 2025 తొలి మూడు నెలల్లో తీసిన లెక్క ప్రకారం నూటికి 85 యిళ్ళలో స్మార్టుఫోను వుంది. "మరింకేం!" అంటారేమో. ఆ లెక్క ఇంటిది. చదువు మనిషిది. సరస్వతి యిల్లు కూడా ఆ లెక్కలో "ఉన్న" యిళ్ళ వైపే పడుతుంది.

యింట్లో ఒకటే వుంటే అది ఎవరి చేతిలో వుంటుందో నేను చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, "ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడారా?" అని అడిగారు. దేశంలో మగవారిలో నూటికి 57 మంది అవునన్నారు. ఆడవారిలో 33 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారు 21 మందే. చదువుకూ, కళలకూ పుట్టిల్లని చెప్పుకొనే మనం ఈ అంకె చూసి కొంచెం తల దించుకోవాలి.

ఈ మాట అంటే మా యెదురింటి పిన్నిగారు, "ఆడపిల్ల చేతికి ఫోనిస్తే యింకేమన్నా వుందా, నాయనా!" అన్నారు. పిన్నిగారి భయాన్ని నేను వెక్కిరించను. భయపడవలసినవి దాంట్లో వున్నాయి. మగపిల్లలకూ వున్నాయి. కాని కేరళలో ఒక కాలేజీ విద్యార్థిని సంగతి ఆమెకు చెప్పాను. ఆడపిల్లల హాస్టలులో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోను ముట్టకూడదని నియమం పెట్టారు. ఆమె ఒప్పుకోలేదు. హాస్టలు నుంచి పంపించేశారు. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. ఇంటర్నెట్టు అందుబాటు విద్యాహక్కులోనూ, వ్యక్తి ఏకాంతపు హక్కులోనూ భాగమేనని 2019 సెప్టెంబరులో కోర్టువారు తీర్పు చెప్పారు. పిన్నిగారు అంతా విని, "కోర్టుకు వెళ్ళిందీ! గట్టి పిల్లే" అన్నారు. మందలింపో, మెచ్చుకోలో నాకు బోధపడలేదు. రెండూ కలిసి వుంటాయి కాబోలు.

అయితే ఇంటింటికీ, మనిషి మనిషికీ ఒక పరికరం ఎక్కణ్ణుంచి తేవడం? అదీ ప్రయత్నించారు. 2011 అక్టోబరులో "ఆకాశ్" అనే పలక ఢిల్లీలో విడుదలయింది. ప్రభుత్వానికి పడ్డ ధర రెండు వేల పైచిలుకు. పేపర్లు గొప్పగా రాశాయి. కాని తెర సరిగా పలికేది కాదు, బ్యాటరీ నిలిచేది కాదు. కొన్నేళ్ళకే దాని ఊసు లేకుండా పోయింది. చవకగా చెయ్యడం ఒక విద్య. చవకదాన్ని నాలుగేళ్ళు నిలిచేటట్టు చెయ్యడం మరో విద్య. మొదటిది వచ్చినంత సులువుగా రెండోది రాలేదు.

కొనలేనిదాన్ని పంచుకోవడం మన పెద్దలకు కొత్త కాదు. పుస్తకం కొనలేని రోజుల్లోనే గదా గ్రంథాలయోద్యమం పుట్టింది! 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ మీద పల్లెలకు పంపారు. చదువరి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే చదువరి దగ్గరకు వెళ్ళింది. 1956లో పూనా ప్రాంతంలో నూటయాభై గ్రామాలలో రైతులు ఒక రేడియో చుట్టూ కూర్చుని, విని, చర్చించుకొనేవారు. తరవాత వీధి చివర ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. యింట్లో ఫోను లేనివాడు కూడా నాలుగు రూపాయలకు బొంబాయిలోని కొడుకుతో మాట్లాడాడు. ఆ బూతుల పద్ధతిలోనే కిరాణాకొట్టువాడైనా, టీకొట్టువాడైనా చిల్లరగా ఇంటర్నెట్టు అమ్ముకోవచ్చునని 2020 డిసెంబరులో కేంద్రం ఒక పథకానికి ఒప్పుకొన్నది. తీగ పంచాయతీ ఆఫీసు దాకా రావడానికి అంతకు ముందే, 2011లోనే, మరో పథకం వేసింది. ఆ తీగ తాళం వేసిన గదిలో ఆగిపోతే ప్రయోజనం లేదు. సాయంత్రం దీపం వెలిగించి తలుపు తీసేవారు కావాలి. పక్కన కూర్చుని నేర్పే మనిషి కావాలి. ఆడపిల్ల బెరుకు లేకుండా గడప దాటి లోపలికి రాగలిగేలా వుండాలి.

ఇంత ఉపన్యాసం చెప్పినవాడివి నువ్వేం చేశావంటారా? చాలా తక్కువ.

ముందుగా పగటి పాఠాలు మానేశాను. పావుగంట పాఠం గొంతుతో రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. బొమ్మ లేదు గనుక ఖర్చు స్వల్పం. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు వింటారు. సందేహాలకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా కూర్చుంటానని చెప్పాను. మొదటి రాత్రి సరస్వతి ఒక్కతే వస్తుందనుకొన్నాను. గళ్ళలో తొమ్మిది పేర్లు వెలిగాయి. పగలు ఎన్నడూ కనిపించని పేర్లు! అందరివీ సున్నలే. ఒకడి వెనక ఆవు అరుస్తోంది. ఒకమ్మాయి గొంతు తగ్గించి మాట్లాడుతోంది, యింట్లోవాళ్ళు పడుకొన్నారు గనుక. ఆ అరగంటలో వాళ్ళడిగిన ప్రశ్నలు ఏడాది పొడుగునా తరగతిలో ఎవరూ అడగలేదు.

తరవాత మా స్టాఫురూములో చేయి చాచాను. "మీ బీరువా సొరుగుల్లో పాత ఫోన్లుంటే పట్టుకురండి" అన్నాను. పధ్నాలుగు వచ్చాయి. మూడింటికి బ్యాటరీలు ఉబ్బి వున్నాయి, పక్కన పెట్టేశాం. నాలుగు మరీ ముసలివి, కొత్త యాపులు ఎక్కలేదు. ఏడు పనిచేశాయి. వాటికి నెంబర్లు వేసి, లైబ్రరీలో పుస్తకాలిచ్చినట్టు పదిహేను రోజులకొకసారి యిచ్చి పుచ్చుకొన్నాం. రీచార్జికి మొదటి మూడు నెలలు చందా వేసుకొన్నాం. నాలుగో నెల చందా పలచబడింది. ఇక్కడే అసలు చిక్కు అని నాకప్పుడు తెలిసింది. ఫోను ఒకసారి యిస్తే సరిపోతుంది. రీచార్జి నెలనెలా యివ్వాలి. 2024 జూలైలో పెద్ద కంపెనీలన్నీ రేట్లు పెంచినప్పుడు ఆ నాలుగో నెల నాకు గుర్తొచ్చింది. మనకది చిరాకు. మేస్త్రి యింట్లో ఎవరి వంతో పోయి వుంటుంది.

ఏడింటిలో ఒకటి తిరిగి రాలేదు. మా లైబ్రేరియన్ గారు, "పుస్తకాలూ అలాగే పోతాయి. అంతమాత్రాన లైబ్రరీ మూస్తామా?" అన్నారు.

సరస్వతి ఆ యేడు పరీక్ష రాసింది. ప్యాసయింది. ఇప్పుడు పక్క మండలంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతోంది. మొదటి జీతంతో ఫోను కొన్నదట. తనకు కాదు, వాళ్ళమ్మకు.

పాత హాజరు పట్టీలు ఆఫీసులో యిచ్చెయ్యవలసి వచ్చినప్పుడు ఆ యేటిది ఒకసారి తిరగేశాను. పదకొండు సున్నలు వరసగా వున్నాయి. సిరాతో వేసినవి. దిద్దుదామని కలం తీశాను గాని, తొమ్మిదిన్నరకు హాజరయినవారికి వేసే గడి ఆ పట్టీలో లేదు. కలం జేబులో పెట్టుకొని పట్టీ యిచ్చేసి వచ్చాను.

ఈ పేజీ చదవడం అయ్యాక ఒకసారి మీ బీరువా సొరుగు తీసి చూడండి.