చిన్న మంత్రం - పెద్ద పంచాయితీ

ఆటల మీద వ్యాసం అనగానే మిత్రులు కబడ్డీ, వాలీబాల్ అనుకుంటారు. మేము రాసేది కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట గురించి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అది. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఏం చేస్తామో చెబుతారు. అవుతుందో కాదో తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మా దగ్గర ఆ పాచిక లేదు. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. మూల నియమాలను 2023లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు కాబట్టి పుస్తకం కొనే బాధ కూడా లేదు. కోట, రాక్షసుడు మనవే పెట్టుకోవచ్చు. మా కథ రాచకొండ గుట్టల్లో మొదలై ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు తూము దగ్గరకు వచ్చింది.

పేచీలన్నీ చిన్న మంత్రాల దగ్గరే. పెద్ద మంత్రాలకు రోజుకు ఇన్నిసార్లే అని లెక్క ఉంది. చిన్నవాటికి లేదు. వాటిలో ఒకటి కనిపించే మాయచెయ్యిని పుట్టిస్తుంది. అది ఒక నిమిషం ఉంటుంది, పది పౌండ్లు అంటే సుమారు నాలుగున్నర కిలోల కంటే ఎక్కువ మోయదు, ఎవరినీ కొట్టదు. ఇంకొకటి తిండిని వేడి చేస్తుంది, చల్లారుస్తుంది, గంటసేపు రుచి మారుస్తుంది. (నీళ్ల చారుకు ఈ మంత్రం దొరికితే బాగుండునని అనుకోనివాళ్లు మనలో లేరు. కానీ రుచి మారినా గిన్నెలో చారు పెరగదు!)

ఒక తొమ్మిదో తరగతి తమ్ముడు కావలివాడి కుండలో నీళ్లు చేదు చేస్తానన్నాడు. వాడు ఉమ్మేసి మంచినీళ్ల కోసం పోతే తాము లోపలికి దూరవచ్చని వాడి ఆలోచన. పెద్దవాళ్లు వెంటనే “రూల్‌లో లేదు” అన్నారు. ఉంది అంటాం మేము. రుచి మార్చడం మంత్రం పని, అది జరిగింది. కావలివాడు కదులుతాడా లేదా అన్నది చీటీ తేల్చాలి. అదే తమ్ముడు నీళ్లు విషమై వాడు చచ్చిపోవాలంటే మాత్రం ఒప్పుకోం. అలాగే మాయచెయ్యితో తూము తలుపు ఎత్తుతానంటే బరువు చాలదు. ఆ చెయ్యితో తాడు కొస తలుపుకు కట్టించి అయిదుగురూ కలిసి లాగుతామంటే? లాగండి. ఎత్తేది మనుషులు, మంత్రం కాదు.

అన్నిటికీ సరేనంటే ఆట చెడుతుందన్న మాట నిజమే. వెలుగునిచ్చే చిన్న మంత్రంతో శత్రువు కళ్లు పోగొడతానంటే, ఆ పనికి రెండో స్థాయిలో వేరే మంత్రం ఉంది. దాన్ని ఎంచుకున్నవాడికి అన్యాయం చేయకూడదు.

తీర్పు చెప్పే తీరుకు మనకు విక్రమార్కుడు ఉన్నాడు. బేతాళ కథల్లో నలుగురు అన్నదమ్ములు ఎముక ముక్కకు మాంసం, తోలు, వెంట్రుకలు తెప్పించి చివరికి ప్రాణం పోస్తే, లేచిన సింహం నలుగురినీ చంపింది. తప్పెవరిది? అది సింహమని కనబడుతున్నా ప్రాణం పోసినవాడిదే అన్నాడు రాజు. ఎవరి విద్య ఏం చేసింది, ఎవరికి ఏం తెలుసు అని విడదీసి, కారణంతో సహా చెప్పాడు.

మేము అడిగేది ఆ కారణమే. కాగితాలు పట్టుకుని కిటికీ ముందు నిలబడి “రూల్ ఒప్పుకోదు” అన్న మాట వినని హాస్టల్ విద్యార్థి అరుదు. ఏ రూలని అడిగితే జవాబు రాదు. రాత్రి గదిలో ఆడే ఆటలోనైనా మన తమ్ముళ్లకు ఆ మాట మన నోటి నుంచి ఎందుకు వినిపించాలి? కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పిన తీర్పును లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీలో రాయాలి. ఇంటర్ అన్నకు నిన్న ఒప్పుకున్నది ఇవాళ తొమ్మిదో తరగతి తమ్ముడికీ వర్తించాలి. మా అనుభవంలో ఎక్కువ గొడవలు మంత్రం మీద కాదు, ఈ పక్షపాతం మీదే వచ్చాయి.

తూము దగ్గర ఇంకో పేచీ తేలకుండా ఉంది. చిన్న మంత్రంతో కాగడా వెలిగించవచ్చని నియమం. చెరువులో మునిగి తడిసిన కాగడాను వెలిగించవచ్చా? చీటీ తీసి 15 దాటితే వెలిగినట్టు అని మేమంటున్నాం. వద్దనే పూర్వ విద్యార్థులు కారణం రాసి పంపండి, నోట్‌బుక్‌లో చోటుంది.