పాలు మానేసిన కుర్రాడు మన శత్రువు కాదు



మొన్న సంక్రాంతికి మా ఊళ్ళో ఒక ఇంట్లో తగాదా జరిగింది. గట్టు తగాదా కాదు, నీళ్ళ తగాదా కాదు. పెరుగు తగాదా. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న రైతు బిడ్డ పండక్కి ఇంటికొచ్చాడు. మామ్మ విస్తట్లో పెరుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏటిరా బాబూ, ఒంట్లో బాగోలేదా?" అందావిడ. ఒంట్లో బాగానే ఉందట. మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేశాడట. ఇలాంటివాళ్ళని వీగన్లంటారట.

వాళ్ళ నాన్న రెండు గేదెలు మేపుతాడు. ఆయనకి కోపమొచ్చింది. "ఈ పాల డబ్బుతోనే నిన్ను చదివించాను. ఇప్పుడు నా పాలే పాపమంటావా?" అన్నాడు. కుర్రాడు తల వంచుకున్నాడు గాని పెరుగు మాత్రం వేసుకోలేదు.

ఈ సంగతి మన సంఘం ఆఫీసు దాకా వచ్చింది. కొందరు నవ్వారు. కొందరు ఇది పాడి రైతుని ముంచడానికి విదేశాల వాళ్ళు పన్నిన కుట్ర అన్నారు. మేము ఆ రెండు మాటలూ ఒప్పుకోం. నవ్వి వదిలేస్తే మన నష్టం మనకి తెలియదు. కుట్ర అని తిట్టి ఊరుకుంటే అసలు దోపిడీదారు తప్పించుకుంటాడు.

ఆ కుర్రాడి కష్టం

ముందు ఆ పిల్లాడి పాట్లు చూద్దాం. అనకాపల్లి బస్టాండులో దిగితే టీ కొట్టులో పాలు లేని టీ అడగాలి. హోటల్లో అట్టు మీద వెన్న, సాంబారులో నెయ్యి. పెళ్ళికి వెళితే పప్పు మీద నెయ్యి, కూరలో మీగడ, చివర్లో పెరుగు. గుడికి వెళితే చక్రపొంగలి, లడ్డూ అన్నీ నేతితోనే. పులిహోర ఒక్కటే దిక్కు. బిస్కట్ పొట్లం మీద పచ్చ చుక్క ఉన్నా లాభం లేదు, ఆ చుక్క ఉన్న సరుకులో పాలపొడి ఉండొచ్చు. మన దేశంలో శాకాహారం అంటే పాలతో కలిపే లెక్క. వీగన్ ఆహారానికి వేరే గుర్తు, వేరే నిబంధనలు కేంద్రం 2022లో గాని తేలేదు. పెళ్ళికి పట్టుపంచె కట్టుకోవాలన్నా అతనికి ఆలోచనే. పట్టు కోసం పురుగుని గూటిలో ఉండగానే ఉడకబెడతారు గనక. పురుగుని చంపకుండా నేసే అహింసా పట్టుని తయారుచేసింది మన తెలుగువాడే, హైదరాబాదుకి చెందిన కుసుమ రాజయ్య. ఆ సంగతి మనలో ఎందరికి తెలుసు?

వీటన్నిటికంటే పెద్ద కష్టం ఇంట్లోవాళ్ళ మాటలు. "ఎవరు నేర్పారు?", "రోగం తెచ్చుకుంటావు", "పెళ్ళెలా అవుతుంది?" అని రోజూ పోరు. రోగం మాటలో కొంత నిజముంది. బి12 విటమిన్ మొక్కల తిండిలో దాదాపు దొరకదు, దానికి మాత్ర వేసుకోవాల్సిందే. అది డాక్టరుతో మాట్లాడుకునే విషయం గాని ఇంట్లోంచి గెంటేసే నేరం కాదు.

పేరు తెలియకుండా మనమూ అదే తిన్నాం

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. తిండి మాత్రం మనకి కొత్త కాదు. పొద్దున్నే తరవాణి అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం చోడి అంబలి. రాత్రి గంటి సంకటి, గోంగూర పచ్చడి. ఉలవచారు, పనసపొట్టు కూర, కందా బచ్చలి, నువ్వుల ఉండలు. వీటిలో పాల చుక్క ఏదీ? చెరకు రసాన్ని సున్నంతో, బెండ జిగురుతో తేర్చి, పొంగు అణచడానికి ఆముదం చుక్క వేసి వండిన మన బెల్లంలో ఏ జంతువుంది? అమెరికాలో కొన్ని మిల్లులు పంచదారని ఎముకల బొగ్గుతో తెల్లబరుస్తాయని ఆ కుర్రాడు చెప్పాడు. మన బెల్లానికి ఆ బెడద లేదు.

ఇంకో చేదు నిజం చెప్పుకుందాం. పాలు పోసే ఇంట్లో పిల్లలకి పాలు ఉండవు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి పితికిన పాలు క్యానులో కేంద్రానికి పోతాయి. ఇంట్లో మిగిలేది టీలోకి గ్లాసెడు. మనలో ఎన్నో కుటుంబాలు బీదరికం వల్ల వీగన్లు. అతను ఇష్టపడి మానేశాడు, మనవాళ్ళు గతిలేక మానేశారు. అతన్ని వెక్కిరించే ముందు ఈ తేడా గురించి ఆలోచించాలి.

అతను చెప్పేదాంట్లో నిజమెంత?

అతను వేసే ప్రశ్నల్ని తోసెయ్యడానికి లేదు. ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చాక మగదూడ ఏమవుతోంది? చచ్చిన దూడ చర్మంలో గడ్డి కుక్కి తల్లి ముందు పెట్టి పాలు పిండే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ ఇంజక్షను పొడవడం చట్ట ప్రకారం నేరం. అయినా పొడిచేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. కనుమనాడు కొమ్ములకి రంగులేసి, బొట్టు పెట్టి, మర్నాడే సూది పొడిస్తే ఆ పూజకి అర్థమేమిటి? ఇది మన తప్పు. దీన్ని మనమే మానుకోవాలి, ఇంకొకరు వచ్చి వేలెత్తి చూపేదాకా ఆగకూడదు.

అతను చూడనిది కూడా ఉంది. పాల డబ్బు మన ఇళ్ళలో ఆడవాళ్ళ చేతి డబ్బు. సెంటు భూమి లేని కూలి కుటుంబానికి గేదె ఒక్కటే ఆస్తి. చెరకు నరికిన నెలల్లో మొవ్వ, మిగిలిన నెలల్లో గట్టు మీద గడ్డి తిని అది బతుకుతుంది. మనల్ని బతికిస్తుంది. దాని గత్తం లేకపోతే మన మెట్ట భూములు పండవు. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రచారం చేస్తున్న ప్రకృతి వ్యవసాయంలో జీవామృతానికి పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కావాలి. ఆ కుర్రాడి కంచంలో పెరుగు లేకపోవచ్చు గాని, అతను తినే వంకాయ మొదట్లో ఆవు పేడ ఉంది. వందల ఆవుల్ని ఇనుప కటకటాల్లో పెట్టి యంత్రాలతో పితికే విదేశీ కంపెనీనీ, రెండు గేదెల అప్పలమ్మ లాంటి ఆడమనిషినీ ఒకే గాటన కట్టకూడదు.

2021లో పెటా సంస్థ అమూల్‌కి ఉత్తరం రాసింది, మొక్కల పాల వైపు మారమని. పది కోట్ల పాడి రైతులకి బతుకుతెరువు ఎవరిస్తారని అమూల్ పెద్దలు ఎదురు ప్రశ్న వేశారు. ప్రశ్న సరైనదే. మేము ఇంకో ప్రశ్న కలుపుతాం. ఇప్పుడు మాత్రం ఆ రైతుకి బతుకు దక్కుతోందా?

లాభం ఎవరి జేబులోకి?

1970లో శ్వేత విప్లవం మొదలైంది. 1998 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు తీసేది మన దేశమే. అయినా పాలకి మద్దతు ధర లేదు. వరికి ఉంది, చెరకుకి ఉంది, పాలకి లేదు. కేంద్రంలో వెన్న శాతం ఎంతంటే అంతే, ధర ఎంతంటే అంతే. ఒక కేంద్రంలో మా పాలు పొద్దున ఒక శాతం, సాయంత్రం ఇంకో శాతం చూపించాయి. అదే గేదె, అదే మేత. చీటీ అడిగితే మిషను పాడైందన్నారు. మన ఉసురు పోసుకున్నది ఆ మిషను. పెరుగు వద్దన్న పిల్లాడు కాదు.

మరోవైపు చూడండి. పట్నం దుకాణాల్లో ఓట్స్ పాలు, బాదం పాలు అని లీటరు డబ్బా రెండు వందల పైచిలుకుకి అమ్ముతున్నారు. ఆ బాదం ఎక్కువగా అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మొక్కల పాల పానీయాల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. తగ్గించడం మంచిదే. అందులో మన రైతుకి దక్కిందేమిటి? 2025-26లో చోళ్ళకి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు. కిలో 48 రూపాయల 86 పైసలు. ఆ ధరకి కొనే కేంద్రం మన కల్లం దగ్గర ఉందా? నాతవరం, గొలుగొండ వైపు జీడితోటలున్నాయి, పాయకరావుపేట, నక్కపల్లి వైపు కొబ్బరి ఉంది. నువ్వులున్నాయి, వేరుశనగ ఉంది. వీగన్ల కంచం నింపగల సరుకంతా మన జిల్లాలో పండుతుంటే, వాళ్ళ డబ్బు సముద్రం దాటిపోతోంది.

పాలు అనే మాట మీద కూడా పోట్లాట జరిగింది. మొక్కల సరుకుని పాలు అని అమ్మకూడదని 2021లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ దుకాణాలకి ఆదేశించింది. కొబ్బరి పాలకి మాత్రం మినహాయింపు. మనకి వరి కంకీ పాలు పోసుకుంటుంది, మర్రికీ జిల్లేడుకీ పాలుంటాయి. మాట కోసం కొట్టుకోవడం మన పని కాదు. ధర కోసం కొట్లాడాలి.

మా డిమాండ్లు

ఒకటి, పాలకి ఉత్పత్తి ఖర్చు మీద 50 శాతం కలిపి చట్టబద్ధమైన ధర ఇవ్వాలి. పరీక్ష రైతు కళ్ళ ముందే చేసి చీటీ ఇవ్వాలి.

రెండు, చోళ్ళు, నువ్వులు, వేరుశనగ మద్దతు ధరకి కొనే కేంద్రాలు మండలానికొకటి తెరవాలి.

మూడు, 2023 మార్చి నుంచి బడిపిల్లలకి వారానికి మూడు రోజులు బెల్లంతో రాగిజావ ఇవ్వడం మొదలైంది. మన పిల్లల జావకి మన జిల్లా చోళ్ళు, మన జిల్లా బెల్లం రైతుల సంఘాల దగ్గరే కొనాలి.

నాలుగు, మగదూడల్నీ వట్టిపోయిన పశువుల్నీ ఎవరు పోషించాలో తేల్చాలి. 1977 నుంచి పశువధ చట్టం ఉంది. 2017 మేలో కేంద్రం సంతల మీద నిబంధనలు పెడితే సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. చట్టం చేసేవాళ్ళు గడ్డి ఖర్చు కూడా పెట్టాలి. భారమంతా రైతు నెత్తిన పెట్టి దయ గురించి మాట్లాడితే కుదరదు.

ఐదు, అనకాపల్లిలో 1913 నుంచి పరిశోధన కేంద్రం ఉంది. చెరకుతోపాటు జీడిపప్పు, కొబ్బరి, నువ్వులతో పాలు, వెన్న లాంటి సరుకు చేసే చిన్న యూనిట్లపై మహిళా సంఘాలకి శిక్షణ ఇవ్వాలి.

మనవాళ్ళకి కూడా ఒక మాట. సూదులు మానండి. గడ్డి కుక్కిన దూడని మానండి. బెల్లం మెరవడానికి హైడ్రోస్ చల్లడం మానండి. తినేవాడు మనల్ని నమ్మకపోతే ఏ మద్దతు ధరా మనల్ని కాపాడలేదు.

ఆ కుర్రాడు తిరుగు ప్రయాణంలో పది కిలోల బెల్లం, చోడి పిండి, జీడిపప్పు కావాలన్నాడు. బెంగళూరులో అతని స్నేహితులు కొంటారట. నాన్న ఇంకా ముభావంగానే ఉన్నాడు, అయినా కాటా మీద పెట్టి తూచాడు. "ఎంతకిస్తావు నాన్నా?" అని కొడుకు అడిగితే కాసేపు ఆలోచించి ధర చెప్పాడు. ఇన్నేళ్ళ సేద్యంలో తన సరుకుకి ధర తాను చెప్పడం ఆయనకి అదే మొదటిసారి.

పాలు తాగేవాళ్ళనీ మానేసినవాళ్ళనీ కొట్లాడుకోనిచ్చి మధ్యలో లాభం తీసే పెద్దలకి ఈ సంగతి తెలియాలి. వచ్చే నెల పాల కేంద్రాల దగ్గర జరిగే ధర్నాలకి ఆడవాళ్ళతో, చదువుకున్న పిల్లలతో కలిసి రండి. పాలు తాగని పిల్లాడైనా సరే, పాల ధర కోసం మన పక్కన నిలబడతానంటే చోటివ్వండి.