బకెట్టు నీళ్ళలో ఒక సిప్రో మాత్ర

మొన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా మిత్రుడు కథ వినిపించాడు. ఫ్యాక్టరీ విలన్ రాత్రిపూట లారీల్లో విషం తెచ్చి చెరువులో పోయిస్తాడు. హీరో నాలుగు తన్ని గేటుకి తాళం వేయిస్తాడు. శుభం.

నాకు నవ్వొచ్చింది. అసలు కథ అక్కడికి గంట ప్రయాణంలో, పటాన్‌చెరులో ఉంది బాబూ! దానికి రాత్రిళ్ళూ లారీలూ అక్కర్లేదు. నీళ్ళు శుద్ధి కేంద్రం గుండానే బయటికొచ్చాయి.

సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే అక్కడి ఉమ్మడి కేంద్రంలో, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని స్వీడన్‌కి చెందిన లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. లెక్కెయ్యండి: పదహారు లీటర్ల బకెట్టుకి ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర! మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఎందుకిలా? శుద్ధి కేంద్రాల్లో మురికిని తినేవి బాక్టీరియాలే. బాక్టీరియాని చంపే మందుని వాటి చేతే తినిపిస్తామంటే ఎలా? బతికినవి మందుకి లొంగకపోవడం నేర్చుకుంటాయి, ఆ జన్యువుల్ని పక్కవాటికీ పంచుతాయి.

దీనికి విరుగుడు కెమిస్ట్రీలో ఉంది. ఓజోన్ పంపడం, లేదా 1894 నాటి ఫెంటన్ పద్ధతి: హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి ఇనుప లవణం కలిపితే పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అణువుని ముక్కలు చేస్తుంది.

ఇదేం మంత్రం కాదు. ఓజోన్‌కి కరెంటు కావాలి. ఫెంటన్‌కి నీళ్ళు pH 3 దగ్గర ఆమ్లంగా ఉండాలి, చివర్లో ఇనుప బురద మిగులుతుంది. సగంలో ఆపితే ముక్కల్లోనూ మందు గుణం ఉండొచ్చు. అందుకే నా వాదన ఒక్కటే: ఈ పని మందు తయారైన చోటే, మిగతా నీళ్ళలో కలవకముందే చెయ్యాలి. అన్నీ కలిశాక చేస్తే పెరాక్సైడ్ అంతా సాల్వెంట్ల మీదే ఖర్చయిపోతుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు, తప్పుడు డేటాని లోపలికొచ్చే చోటే ఆపాలని!

"ఖర్చెక్కువ, మందుల ధరలు పెరుగుతాయి" అన్నాడు మిత్రుడు. ఇప్పుడు ఖర్చు లేదా? ఉంది, కట్టేది మనం. మా నాన్నగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే కల్చర్ రిపోర్టులో సిప్రోతో సహా వరసగా 'రెసిస్టెంట్' అనే ఉంది. చివరికి రోజూ ఇంజెక్షన్లే. ఆ క్రిమి పటాన్‌చెరు నుంచే వచ్చిందని నేననను. కానీ అలాంటి క్రిములకి శిక్షణ ఇచ్చే బడిని ఎవరు నడపనిస్తున్నారు?

2020 జనవరిలో కేంద్రం నీళ్ళలో యాంటీబయాటిక్ అవశేషాలకి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి మాయం! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అవి సలహాలే. కొలవమని చట్టం చెప్పనిదాన్ని తగ్గించడానికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది?

కాబట్టి ముందు ఆ పరిమితులు తిరిగి రావాలి. టెక్నాలజీ దాని వెనకే వస్తుంది. ఈ కథకి హీరో అక్కర్లేదు, ఒక అంకె చాలు. ఏమంటారు?