తుపాకీ, కరాటే, మన ఆత్మరక్షణ

2012 డిసెంబరులో ఢిల్లీ, 2019 నవంబరులో శంషాబాద్, 2024 ఆగస్టులో కలకత్తా. ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ రెండు డిమాండ్లు వెంటనే పైకొస్తాయి. నిందితుల్ని అక్కడికక్కడే చంపెయ్యమన్నది ఒకటి. ఆడపిల్లలకు కరాటే నేర్పి, చేతికి తుపాకీ ఇవ్వమన్నది రెండోది. మొదటి డిమాండు ఎక్కడికి దారితీస్తుందో చూశాం. శంషాబాద్ కేసులో నలుగురు నిందితుల్ని 2019 డిసెంబరు 6న పోలీసులు కాల్చి చంపారు. చంపాలన్న ఉద్దేశంతోనే ఆ కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. రెండో డిమాండు గురించి మాత్రం మనం తగినంతగా మాట్లాడుకోలేదు. మన సంఘాల లోపల కూడా దానిమీద ఎంతో కొంత మొగ్గు ఉండడమే అందుకు కారణం కావచ్చు.

తుపాకీ శిక్షణనూ, కరాటే వంటి యుద్ధకళల శిక్షణనూ ఒకే మూటగా కట్టి దానికి ఆత్మరక్షణ అని పేరు పెడుతున్నారు. దగ్గరికొచ్చినవాడికి కరాటే, దూరాన ఉన్నవాడికి తుపాకీ, రెండూ వచ్చిన స్త్రీకి ఇక తిరుగులేదని వాదన. ఈ రెంటినీ కలపకూడదని మా అభిప్రాయం. తన శరీరంతో ఎదురు తిరగడం నేర్పే శిక్షణ స్త్రీలకు కావాలి. తుపాకీ వద్దు. అహింస మీద భక్తితో అంటున్న మాట కాదిది. కొట్టేవాడిని తిరిగి కొట్టే హక్కు స్త్రీకి ఉందా లేదా అన్నదాని మీద మాకు ఏ సందేహమూ లేదు.

2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని 'నిర్భీక్' అనే రివాల్వరు తెచ్చింది. ఢిల్లీ బస్సులో అత్యాచారానికి గురై మరణించిన అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరును తలపించే పేరు. బరువు అరకిలో, ధర 1,22,360 రూపాయలు, పెట్టేది నగల పెట్టెలాంటి పెట్టెలో. (ఆడవాళ్ల వస్తువంటే నగల పెట్టె తప్ప ఇంకేదీ తట్టలేదు కాబోలు.) కూలికి వెళ్లే స్త్రీ, అర్ధరాత్రి షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడే నర్సు దీన్ని ఎలా కొంటారన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. కొనగలిగినా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి. అది ఇవ్వాలా వద్దా అని విచారించి నివేదిక రాసేది పోలీసు స్టేషను. భర్త కొడుతున్నాడని వెళ్తే, సర్దుకుపొమ్మని పంపేసే స్టేషనే, ఆమెకు నిజంగా ప్రాణభయం ఉందో లేదో తేల్చాలన్నమాట.

సరే, లైసెన్సూ వచ్చింది, తుపాకీ ఇంటికొచ్చింది. బీరువాలో పెట్టారు. ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మన ఇళ్లలో స్త్రీ పేరున ఉన్న పొలమైనా, బ్యాంకు పుస్తకమైనా ఎవరి చేతిలో ఉంటున్నాయో గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు. తుపాకీ మటుకు అందుకు మినహాయింపు ఎందుకవుతుంది? ఇళ్లలో తుపాకులు మామూలైన అమెరికాలో, 11 నగరాల సమాచారంతో 2003లో వెలువడిన పరిశోధన ఒకటుంది. భార్యను హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉన్నచోట ఆమె హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరిగిందని అది చెప్పింది. తుపాకీ ఎవరి పేరున ఉందన్నదాని కన్నా, కోపం వచ్చినప్పుడు ఎవరి చేతికి అందుతుందన్నది ముఖ్యం.

మన దేశంలో ఆ చెయ్యి ఎవరిదో జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలే చెబుతున్నాయి. 2022లో స్త్రీలపై నేరాలుగా నమోదైన 4,45,256 కేసుల్లో 31 శాతానికి పైగా భర్త, అత్తింటివాళ్లు పెట్టిన హింసవే. 2015 అత్యాచారం కేసుల్లో 95 శాతానికి మించి నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లు. ఇవి నమోదైనవి మాత్రమే. తుపాకీ శిక్షణ ఊహించే శత్రువు చీకటి సందులో ఎదురొచ్చే ముక్కూ మొహం తెలియనివాడు. లెక్కల్లో కనిపించేవాడు బావ, మేనమామ, ట్యూషను మాస్టారు, మేస్త్రీ, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. వాళ్ల మీదికి ఎవరు ఎప్పుడు తుపాకీ తీస్తారు?

ఇక మన మన్యంలో తుపాకీ ఎవరిదో తెలిసిందే. 2007 ఆగస్టులో వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. పదహారేళ్ల తర్వాత, 2023లో, దర్యాప్తు సరిగా జరగలేదంటూనే కోర్టు నిందితుల్ని విడిచిపెట్టింది. ఆ గుడిసెల్లో ఒక్క తుపాకీ దొరికివుంటే ఆ స్త్రీలు ఫిర్యాదిదారులుగా మిగిలేవారా?

శరీర శిక్షణ సంగతి వేరు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో సుమారు 900 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులతో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు, మొత్తం 12 గంటలు. శిక్షణ పొందినవాళ్లలో ఏడాదిలోగా అత్యాచారానికి గురైనవాళ్లు 5.2 శాతం, పొందనివాళ్లలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో దెబ్బ కొట్టడం నేర్పింది కొంతసేపే. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటాన్ని దాటి గట్టిగా వద్దనడం, తన కోరికలేమిటో తానే తేల్చుకోవడం, ఇవీ మిగతా పాఠాలు. మొహమాటం మన దగ్గర చిన్న విషయం కాదు. 'బాబాయి కదా', 'సారు కదా', 'అరిస్తే నలుగురూ నన్నే అంటారు కదా' అని ఆగిపోయిన ఆ ఒక్క క్షణం గురించి ఎంతమంది స్త్రీలు మనతో చెప్పుకున్నారు! చిన్నప్పటి నుంచి నెమ్మదిగా నవ్వమని, నెమ్మదిగా నడవమని పెంచిన పిల్ల గొంతు చించుకుని అరవగలగడమే ఒక శిక్షణ.

ప్రభుత్వం పాఠశాలల్లో ఝాన్సీ లక్ష్మీబాయి పేరుతో నడిపే మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణలో ఇదంతా ఎంత ఉంటున్నదో స్థానిక సంఘాలు వెళ్లి చూడాలి. మైదానంలో వరసగా నిలబెట్టి గాలిలోకి గుద్దించి ఫోటో తీస్తే సరిపోదు. నేర్పే మాస్టారే చెయ్యి వేస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలో ఆ పాఠంలో ఉందా?

కరాటేనూ తుపాకీనూ కలిపి ఆడపిల్లలకు నేర్పే శిబిరాలు కొత్తవేమీ కావు. విశ్వహిందూ పరిషత్తు 1991లో స్థాపించిన దుర్గావాహిని ఈ పని చాలాకాలంగా చేస్తోంది. నిషా పహుజా 2012లో తీసిన 'ది వరల్డ్ బిఫోర్ హర్' అనే డాక్యుమెంటరీలో ఆ శిబిరం కనిపిస్తుంది. పిల్లలు తుపాకీ గురిపెడతారు, కుస్తీ పడతారు, నినాదాలిస్తారు. శత్రువెవరో ముందే చెప్పి ఉంచారు: పరాయి మతం మగవాడు. వాళ్లకు శిక్షణనిచ్చే యువతి, తండ్రి తనను కొట్టడం గురించి మాట్లాడుతుంది. ఆడపిల్లనని తెలిసీ బతకనిచ్చాడు కాబట్టి అతనికి ఆ హక్కుందంటుంది. గురి తప్పకుండా కాల్చగల అమ్మాయి ఇంట్లో పడే దెబ్బను న్యాయమనుకుంటోంది. దీన్ని ఆత్మరక్షణ అనడం కుదరదు. ఆమె బలాన్ని ఆమె కోసం కాక మరెవరి కోసమో వాడుకుంటున్నారు.

చట్టం విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. అత్యాచారం, యాసిడ్ దాడి వంటివాటి నుంచి తనను కాపాడుకోవడంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా నేరం కాదని పాత శిక్షాస్మృతి 100వ సెక్షను చెప్పేది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహిత 38వ సెక్షనూ అదే చెబుతోంది. కానీ అది ఆత్మరక్షణేనని చూపించుకోవలసిన భారం ఆమెదే. పేదరాలికి మంచి వకీలు దొరకాలి, బెయిలు దొరకాలి. ఏళ్ల తరబడి తన్నులు తిని, ఒకరోజు అతను నిద్రపోతుండగా తెగించిన స్త్రీకి ఈ సెక్షను ఆసరా కాదు.

మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఏమన్నదో మన తరం మరిచిపోలేదు. ఒంటిమీద గాయాల్లేవు, పెనుగులాడిన గుర్తుల్లేవు, కాబట్టి అత్యాచారం కాదంది. ప్రతిఘటించలేదంటే ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో రాయించడానికి 2013 దాకా పట్టింది. ఇప్పుడు ప్రతి పిల్లకూ కరాటే, ఆపైన తుపాకీ అంటే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చే మొదటి ప్రశ్న 'నీకు కరాటే వచ్చు కదా, ఎందుకు కొట్టలేదు?' అన్నదే.

మన నేలమీద స్త్రీలు తుపాకీ పట్టలేదా అని అడిగేవాళ్లున్నారు. పట్టారు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం దళాన్నే నడిపారు. అక్కడ ఆ తుపాకీ వెనక దళముంది, సంఘముంది, అన్నం పెట్టి దాచిన ఊళ్లున్నాయి. అయినా 1951లో పోరాటం ఆగిన తర్వాత ఆ స్త్రీలను ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ కడుపుకోత వాళ్ల నోటనే వినొచ్చు.

మాకు అంతకంటే దగ్గరగా కనిపించేది 1992. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీల ఆయుధాలు చీపురు, కారం, రోకలి. ఎదురుగా ఉన్నది సారా కాంట్రాక్టరు, అతనికి కాపలా కాసిన పోలీసు, తాగొచ్చి కొట్టే సొంత మొగుడు. ఒక్కొక్కరుగా వాళ్లను ఎదిరించలేని స్త్రీలే, ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా పారబోశారు, వేలంపాటలు ఆపారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత మద్యం ఎలా తిరిగొచ్చిందన్నది వేరే కథ. కానీ కొట్టే మొగుడి ఇంటి ముందు ఇరవైమంది వచ్చి నిలబడతారన్న నమ్మకం ఆ రోజుల్లో ఎన్ని చేతుల్ని ఆపిందో ఏ లెక్కల్లోనూ దొరకదు.

కాబట్టి శిక్షణ శిబిరాలు పెట్టాలనుకునే సంఘాలకు మా సూచన ఇది. నేర్పేవాళ్లు స్త్రీలై ఉండాలి. తెలిసినవాడి చేతి నుంచి ఎలా విడిపించుకోవాలన్నది మొదటి రోజే రావాలి. చీర కట్టుకున్న నలభై ఏళ్ల స్త్రీకి, కాలు సరిగా లేని అమ్మాయికి, పొలంలో వంగి పనిచేసే దళిత స్త్రీకి కుదిరేలా పాఠం మారాలి. శిబిరం అయిపోయాక అదే బస్తీలో వారానికొకసారి కలుసుకునే బృందం మిగలాలి, రాత్రి పదింటికి కబురొస్తే లేచి వెళ్లేవాళ్ల పేర్లు అందరికీ తెలిసి ఉండాలి. తుపాకీ శిక్షణతో కలిపి నిధులిస్తామని ఎవరైనా ముందుకొస్తే ఆ నిధులు వద్దనండి. ఇప్పటికే ఇలాంటి శిబిరాలు నడిపినవాళ్లు, ఆ తర్వాత ఇళ్లలో ఏం మారిందో, ఏం మారలేదో రాసి పంపితే వచ్చే సంచికలో ప్రచురిస్తాం.