వయసు కదమ్మా అంటే సరిపోయిందా?

పలాస జీడి ఫ్యాక్టరీలో గుండు, బద్ద వేలితో తడిమి వేరుచేసిన మా పెద్దమ్మకు ఇప్పుడు చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం రాదు. కొడుకును చూసి "ఎవుల్రా నువ్వు?" అంటుంది. పొద్దువాలితే సొంతింట్లోనే గుమ్మం పట్టుకుని "మా ఇంటికెల్లిపోతాను" అని ఏడుస్తుంది. తీసుకెళ్లి చూపిస్తే ఒక డాక్టరు తలెత్తకుండా బలానికి మాత్రలు రాసి, "వయసు కదమ్మా" అన్నాడు. వీధిలోవాళ్లు చాదస్తమన్నారు. ఒకాయన గాలి సోకిందన్నాడు.

ఎనభై దాటినా ఊళ్లో భూముల సరిహద్దులు పొల్లుపోకుండా చెప్పే ముసలాళ్లు మనకు లేరా? వాళ్లది వయసు కాదా? ఇది జబ్బయ్యా! 1906లోనే అలోయిస్ ఆల్జీమర్ అనే జర్మన్ డాక్టరు, చనిపోయిన రోగి మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించి లోకానికి చెప్పాడు. ఆల్జీమర్స్ అనే ఈ జబ్బులో నాడీకణాల మధ్య అమిలాయిడ్ ప్రొటీను పేరుకుంటుంది, కణాల లోపల టావ్ పోగులు చిక్కుపడతాయి. కొత్త సంగతులను నిలిపే హిప్పోక్యాంపస్ మొదట్లోనే దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న అంబలి గుర్తుండదు, పెళ్లినాటి ముచ్చట్లు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది. మనకు తెలిసొచ్చేసరికి లోపల పదిహేను, ఇరవై ఏళ్లుగా నష్టం జరుగుతూనే ఉంటుంది.

నయం చేసే మందు లేదు, నిజమే. కానీ థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం చేరినా ఇలాగే మతి తప్పుతుంది. వాటికి వైద్యం ఉంది. ఆ డాక్టరుకు ఒక్క రక్తపరీక్ష రాయడానికి చేయి రాలేదా?

బీపీ, షుగరు, చెవుడు, చదువు లేకపోవడం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను, అంటే ఇలా మతి తప్పే జబ్బులను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. అది ఎక్కడో విదేశాల సంగతా? పిల్లలు చెన్నైకో హైదరాబాదుకో వలసపోయాక, బడి మొహం చూడని, చెవులు వినపడని ముసలమ్మ ఒక్కతే మిగిలిన ఇళ్లు సిక్కోలులో, విజయనగరంలో ఏ పల్లెలో లేవు?

ఒకటో తారీఖున సచివాలయం మనిషి ఆ గుమ్మంలోకే వచ్చి వేలిముద్ర వేయించుకుని 4,000 రూపాయల పింఛను చేతిలో పెడుతున్నాడు. ఆవిడ ఆ నోట్లు లెక్కపెట్టలేకపోవడం ఆయన చూస్తూనే ఉన్నాడు. సర్కారువారూ, ఇది ఏ నెల, నిన్న ఏం వండావు అని రెండు ముక్కలు అడగమని ఆయనకు చెప్పండి. జవాబు తడబడితే పేరు రాసుకోమనండి. ఆ పేర్ల కోసం శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒక్క పూట మతిమరుపు ఓపీ నడపండి.