ఇంటి లెక్కలు: నాన్నగారి బీమా, ఢిల్లీ పన్ను

నెలనెలా ఈ శీర్షికలో ఇక్కడి టాక్సు ఫారాల గొడవే చెప్పుకుంటున్నాం. ఈసారి కాస్త ఇంటివైపు చూద్దాం. మనలో చాలామందిమి అక్కడి పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా ఇక్కణ్ణించే కడుతున్నాం కదా!

2025 సెప్టెంబరు 22, నవరాత్రుల మొదటిరోజు. బెజవాడ నుంచి నాన్నగారు ఫోను చేశారు. "ఏమర్రా, బీమా మీద పన్ను ఎత్తేశారు. ఈ ఏడు తక్కువ పంపితే చాలు" అన్నారు. మేమూ సంతోషించాం. తీరా రెన్యూవల్ కాగితం చూస్తే ఇంచుమించు నిరుడు కట్టినంతే ఉంది! పన్ను గడిలో సున్నాయే. దాని పై గడిలో అసలు ప్రీమియం పెరిగింది. వయసు 75 దాటింది గనుక రేటు మారిందని కంపెనీవారి జవాబు.

"అయితే పోయిన పన్ను ఎక్కడికి పోయినట్టు?" అన్నారు నాన్నగారు. న్యాయమైన ప్రశ్నే.

మన రాజ్యాంగం సరుకుల తయారీ మీద పన్ను కేంద్రానికీ, అమ్మకం మీద పన్ను రాష్ట్రాలకూ పంచింది. సేవల ఊసు ఎత్తలేదు. ఎవరికీ రాయనిది కేంద్రానిదే గనుక, 1994లో ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ మూడు సేవల మీద 5 శాతం వేశారు: టెలిఫోను, జీవితబీమా కాని బీమా, షేరు బ్రోకర్లు. జాబితా పెరిగింది, రేటూ పెరిగింది. 2016కి సెస్సులతో కలిపి 15 శాతమయింది. 2017 జూలై 1న ఎక్సైజు, వ్యాట్‌లతో పాటు ఇదీ జి.ఎస్.టి.లో కలిసిపోయి, ఆరోగ్య బీమాకు 18 శాతం పడింది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఏజెంటు కమీషను మీదా, ఆఫీసు అద్దె మీదా కంపెనీ కట్టిన పన్నును, మన దగ్గర వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకునేది. మన పన్ను సున్నా అయ్యేసరికి ఆ మినహాయింపూ పోయింది. ఆ బరువు కంపెనీకి ఖర్చుగా మిగిలింది. అందుచేత 50,000 రూపాయల ప్రీమియం మీద 9,000 పన్ను పోయినా, 59,000 బిల్లు సరిగ్గా 50,000కి దిగుతుందని ధీమాగా ఉండడానికి వీల్లేదు.

"నాకేం జబ్బుందని? ఆపెయ్యండి" అన్నారు నాన్నగారు. ఆ మాటకు మాకు గుండె గుభేలుమంది. ఈ వయసులో పాలసీ తెగితే కొత్తది దొరకడమే కష్టం. దొరికినా పాత జబ్బుల కోసం మళ్ళీ ఏళ్ళ తరబడి ఆగాలి. మారు మాట్లాడకుండా కట్టేశాం.

మీకు మా మనవి ఇంతే. నిరుటి కాగితమూ ఈ ఏటి కాగితమూ పక్కపక్కన పెట్టుకోండి. మొత్తాలు కాదు, పన్ను కలవని ప్రీమియం పోల్చండి. పెరిగితే కారణం రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగం తరఫున వచ్చే గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదని గుర్తుంచుకోండి. గడువు మాత్రం దాటనివ్వకండి. కంపెనీతో తగాదా తర్వాతయినా పడవచ్చు.